పురుగు పేరు ఆరేళ్ల ముందే తెలుసు.. మిర్చి చేనుకు చేరలేదు

2021 చివరి నెలల్లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిర్చి చేలల్లో పూత నిలవలేదు. పువ్వును అరచేతిలో దులిపితే సన్నని నల్లటి పురుగులు రాలాయి. రైతులు ఒక మందు పనిచేయక ఇంకో మందు కొట్టారు. పురుగు తగ్గలేదు, అప్పు పెరిగింది. చాలాచోట్ల తోటలను పీకేశారు, దున్నేశారు.

మిర్చికి తామర పురుగు కొత్తది కాదు. ఆకులు పైకి ముడుచుకుంటే అది పై ముడత అని, తామర పురుగు పని అని మిర్చి రైతులకు తెలుసు. కానీ ఆ ఏడాది చేలను ముంచింది ఆ పాత పురుగు కాదు. పాతదాని శాస్త్రీయ నామం సైర్టోథ్రిప్స్ డోర్సాలిస్. కొత్తది థ్రిప్స్ పార్విస్పైనస్. తెలుగు నేల మీద దానికి నల్ల తామర పురుగు అన్న పేరు స్థిరపడింది.

అయితే ఈ పురుగు దేశంలోకి వచ్చిందన్న సంగతి 2015లోనే శాస్త్ర పత్రికకెక్కింది. బెంగళూరులో బొప్పాయి మొక్కల మీద దొరికిన నమూనాలను జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. డీఎన్ఏ బార్‌కోడ్‌తోనూ పోల్చి చూసి, అది థ్రిప్స్ పార్విస్పైనస్ అని తేల్చారు. ఇండోనేసియాలో అది మిర్చిని కూడా ఆశిస్తుందని అప్పటికే తెలుసు. అంటే పేరు తెలుసు, ఏ పంటకు ముప్పో కూడా తెలుసు. ఆరేళ్ల తర్వాత మిర్చి రైతుకు మాత్రం అది ముక్కూమొహం తెలియని పురుగే.

పేరు తెలిస్తే ఏం మారుతుంది?

రెండు తామర పురుగులూ ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. రెండూ రసం పీల్చేవే. పాతది ప్రధానంగా లేత ఆకులను పట్టుకుంటుంది. కొత్తది ఆకులతో పాటు పువ్వుల్లో గుంపులుగా చేరుతుంది. పాత పురుగు కోసం ఆకులనే చూసే రైతు, పూతలో చేరిన కొత్త పురుగును గమనించేసరికి ఆలస్యమవుతుంది. పువ్వు లోపల దాక్కున్న పురుగుకు పైన చల్లిన మందు సరిగా తగలదు. విచ్చలవిడిగా కొట్టిన మందు తామర పురుగులను తినే మిత్ర పురుగులను చంపేస్తుంది. అందుకే రసాయనాలు తగ్గించండి, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, జీవ నియంత్రణ పద్ధతులు వాడండి అని నిపుణులు చెప్పాల్సి వచ్చింది. అప్పటికే పంట చేయి దాటింది.

ఎదిగిన ఆడ పురుగుల్లో రంగు తేడా కంటికి కనిపిస్తుంది. పాతది లేత పసుపు, కొత్తది ముదురు గోధుమ రంగు. కానీ పిల్ల పురుగుల్లో ఆ తేడా ఉండదు. గాజు పలకపై అమర్చి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతి ప్రధానంగా ఎదిగిన పురుగులకే పనికొస్తుంది. ఓడరేవులోనో విమానాశ్రయంలోనో దిగుమతైన మొక్కల మీద గుడ్లు, పిల్లలు మాత్రమే దొరికితే కంటి చూపు చాలదు. డీఎన్ఏ అవసరమయ్యేది అక్కడే.

650 అక్షరాల గుర్తింపు కార్డు

కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో డీఎన్ఏ బార్‌కోడ్ ఆలోచనను ముందుకు తెచ్చింది. జీవకణాల్లోని మైటోకాండ్రియాలో సీఓఐ అనే జన్యువు ఉంటుంది. అందులో సుమారు 650 అక్షరాల ముక్కను చదివి, పేరు తెలిసిన జీవుల ముక్కలతో పోలుస్తారు. ఒకే జాతి పురుగుల మధ్య ఈ ముక్కలో తేడా సాధారణంగా చాలా స్వల్పం. వేర్వేరు జాతుల మధ్య తేడా స్పష్టంగా కనిపిస్తుంది. గుడ్డయినా, తెగిపోయిన కాలయినా సరే, ఈ పరీక్షకు సరిపోతుంది.

ఈ పద్ధతితో చూస్తే ఒకటే అనుకున్న పురుగులు చాలాసార్లు అనేకంగా తేలాయి. పై ముడత తెచ్చే పాత తామర పురుగే అందుకు ఉదాహరణ. ఆ ఒక్క పేరు కింద కంటికి తేడా తెలియని జాతులు కనీసం తొమ్మిది ఉన్నాయని 2015లో ఒక అధ్యయనం చూపింది. పత్తి మీది తెల్లదోమ కథా అంతే. బెమీసియా టబాసి అనే ఒక్క పేరు కింద ప్రపంచవ్యాప్తంగా 30కి పైగా జాతులు ఉన్నాయని శాస్త్రవేత్తలు లెక్కిస్తున్నారు. 2015లో పంజాబ్ పత్తిని తెల్లదోమ తుడిచిపెట్టినప్పుడు రైతులు రైలు పట్టాల మీద కూర్చున్నారు. ఉత్తర భారత పత్తి చేలల్లో ఎక్కువగా కనిపించేది ఆసియా-2-1 అని పిలిచే రకం. పత్తిలో ఆకుముడత వైరస్‌ను సమర్థంగా మోసుకెళ్లేదీ అదే. రూపం ఒకటే అయినా, అన్ని రకాల తెల్లదోమలూ ఆ వైరస్‌ను అంతగా మోయలేవు. కాబట్టి ‘తెల్లదోమ ఉంది’ అన్న సమాచారం సగమే. ఏ తెల్లదోమ అన్నది మిగతా సగం.

శ్రీలంక దోమల చిక్కుముడి

ఈ తేడా పంటలకే పరిమితం కాదు. భారత గ్రామాల్లో మలేరియాను వ్యాపింపజేసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ క్యులిసిఫేసిస్. ఇది ఒక్క దోమ కాదని, కనీసం రెండు జాతులని 1980లో క్రోమోజోముల పరిశీలనలో తేలింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆ సంఖ్య ఐదుకు చేరింది. వాటికి ఎ, బి, సి, డి, ఇ అని పేర్లు. వీటిలో ‘బి’ మలేరియాను అంతగా మోయదు.

శ్రీలంకలో ఉన్నది ‘బి’ ఒక్కటేనని చాలాకాలం భావించారు. మరి అక్కడ మలేరియా ఎలా వ్యాపిస్తోంది? రామేశ్వరం దీవిలో ‘ఇ’ జాతిని గుర్తించాక ఆ చిక్కు వీడింది. శ్రీలంకలోనూ ‘ఇ’ ఉన్నట్టు తేలింది. ఇన్నాళ్లూ అది ‘బి’ పేరు చాటున ఉండిపోయింది.

క్రోమోజోముల పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. రక్తం తాగి, గుడ్లు సగం ఎదిగిన దశలో ఉన్న ఆడ దోమ చాలాసార్లు తప్పనిసరి. డీఎన్ఏ పరీక్షకు ఆ షరతు లేదు. ఎండిపోయిన దోమయినా చాలు. అయితే ఒక్క డీఎన్ఏ ముక్కతో ఐదు జాతులూ విడిపోలేదు. ఒక పరీక్ష వాటిని రెండు గుంపులుగా మాత్రమే వేరు చేసింది. మిగతా పనికి ఇంకో జన్యువు అవసరమైంది.

డీఎన్ఏ కూడా పొరపడుతుంది

ఈ పరిమితి స్పష్టంగా బయటపడింది కత్తెర పురుగు విషయంలో. అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో, 2018 మే నెలలో కర్ణాటక మొక్కజొన్న చేలల్లో కనిపించింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ జులై చివరికల్లా హెచ్చరిక జారీ చేసింది. నెలల్లోనే అది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌కు, ఆ తర్వాత బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్‌కు పాకింది.

కత్తెర పురుగులో రెండు రకాలున్నాయి. ఒకటి మొక్కజొన్న రకం, మరొకటి వరి రకం. చూడటానికి రెండూ ఒకటే. ఆసియా నమూనాల బార్‌కోడ్ చదివితే ఎక్కువగా వరి రకం అని వచ్చింది. వరి మీద బతికే ప్రాంతానికి ఇది గుబులు పుట్టించే ఫలితం. కానీ పురుగులు దొరికింది మొక్కజొన్నలో. కణ కేంద్రకంలోని వేరే జన్యువును చదివితే మొక్కజొన్న రకం గుర్తులే ఎక్కువగా కనిపించాయి. కారణం ఏమిటంటే, మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది. ఎప్పుడో రెండు రకాలూ కలిస్తే, సంతానానికి తల్లి గుర్తింపు కార్డు మిగులుతుంది, స్వభావం మాత్రం వేరుగా ఉండవచ్చు. అందుకే బార్‌కోడ్ ఫలితాన్ని పొలంలో కనిపించినదానితో, ఇతర జన్యువులతో సరిచూసుకోవాలి.

ఇంకో పరిమితి కూడా ఉంది. బార్‌కోడ్ పోలిక మాత్రమే చేస్తుంది. పోల్చడానికి భాండాగారంలో సరైన పేరుతో ముక్క ఉండాలి. మనదేశంలో నమోదైన కీటక జాతులే 60 వేలకు పైగా ఉన్నాయి. వాటన్నిటి ముక్కలూ అందులో లేవు. ఉన్నవాటిలోనూ కొన్నిటికి తప్పు పేర్లు తగిలించి ఉంటాయి. ఆ పేరు సరిచూడగలిగేది మళ్లీ సూక్ష్మదర్శిని ముందు కూర్చునే వర్గీకరణ శాస్త్రవేత్తే. ఆ నైపుణ్యం ఉన్నవారు తగ్గిపోతుంటే, ఎన్ని యంత్రాలు కొన్నా ఉపయోగం పరిమితమే.

దారి ఎక్కడ తెగింది?

కత్తెర పురుగు, నల్ల తామర పురుగు ఉదంతాలను పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. రెండిటినీ మన శాస్త్రవేత్తలు సరిగానే గుర్తించారు. మొదటిది ఆఫ్రికాలో చేసిన నష్టం వల్ల అప్పటికే ప్రపంచమంతా మోగిపోయింది. అందుకే పేరు తేలగానే హెచ్చరిక వెలువడింది. రెండోదానికి ఆ పేరుప్రఖ్యాతులు లేవు. బొప్పాయి మీద దొరికిన ఒక కొత్త పురుగు సమాచారం మిర్చి పండించే జిల్లాల నిఘాగా మారలేదు.

ముందే తెలిసి ఉంటే 2021 నష్టం జరిగేది కాదని చెప్పలేం. పురుగు ఉధృతికి వాతావరణం, మందుల వాడకం వంటి కారణాలూ ఉంటాయి. కానీ ఆకులతో పాటు పూత చూడండి అన్న ఒక్క మాట సీజన్ మొదట్లో చేరి ఉంటే, అనవసరంగా కొట్టిన మందుల ఖర్చయినా కొంత మిగిలేది.

ఇందుకు కొత్త సాంకేతికత అక్కర్లేదు. దేశంలో 700కు పైగా కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. అనుమానం వచ్చిన పురుగును గాఢమైన ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి ప్రయోగశాలకు పంపే ఏర్పాటు ప్రతి కేంద్రంలోనూ ఉండొచ్చు. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ దెబ్బతింటుందన్న సంగతి అక్కడి సిబ్బందికి తెలిస్తే చాలు. వచ్చిన ఫలితం అదే సీజన్‌లో వెనక్కి రావాలి. దేశంలో మొదటిసారి ఒక విదేశీ పురుగు దొరికితే, అది ఆశించే పంటలన్నిటి జాబితా తీసి, ఆ పంటలున్న జిల్లాలకు వెంటనే తెలియజేయడం ఒక నియమంగా ఉండాలి. 2015లో అలాంటి నియమం ఉండి ఉంటే, బొప్పాయి తర్వాత ఆ జాబితాలో మిర్చి కనిపించేది. మిర్చి ఎదురుగా గుంటూరు, ఖమ్మం పేర్లు ఉండేవి.