బీడంటే ఖాళీ కాదు
రాయలసీమలో సోలార్, గాలిమరలకు చోటు ఎంచడంపై మా ప్రణాళిక

మేము రాయలసీమ మెట్ట పల్లెల వాళ్లం. మాలో వేరుశనగ వేసే రైతులున్నారు, గొర్రెల కాపరులున్నారు, ఈతాకుతో చాపలల్లే ఆడవాళ్లున్నారు, సోలార్ ప్లాంట్లలో ఉద్యోగాలు చేస్తున్న మా పిల్లలూ ఉన్నారు. ఎండ కరెంటు వద్దని మేము అనడం లేదు. వానలు అదను తప్పి బోర్లు ఎండితే మొదట దెబ్బ తినేది మేమే. బొగ్గు తగ్గాలి, సోలారూ గాలిమరలూ రావాలి. అవి ఎక్కడ రావాలి, ఆ చోటును ఎవరు, ఏం చూసి తేల్చాలి అన్నదే మా ప్రశ్న.

మెగావాటు సోలార్‌కు నాలుగు నుంచి ఆరు ఎకరాలు కావాలి. కర్నూలు దగ్గరి వెయ్యి మెగావాట్ల పార్కు దాదాపు 6 వేల ఎకరాల్లో పరుచుకుంది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన పాలసీలో సోలార్ లక్ష్యమే 78 గిగావాట్లకు పైన. అంతా నేల మీదే పెడితే మూడు లక్షల ఎకరాలు దాటుతుంది. అంత భూమి కోసం వెతికే కన్ను రికార్డులో ‘బంజరు’, ‘పోరంబోకు’ అని రాసిన చోట ఆగుతుంది. తప్పు అక్కడే మొదలవుతుంది.

శ్రీ సత్యసాయి జిల్లాలోని కల్పవల్లిని చూడండి. రికార్డు ప్రకారం అది బంజరు. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఏళ్ల తరబడి అగ్గి పడకుండా కాపలా కాసి, వేల ఎకరాల్లో అడవిని మళ్లీ నిలబెట్టుకున్నారు. గుట్టల మీది బోదగడ్డి ఇంటికి కప్పు, పశువుకు మేత. వంకల వెంట ఈతచెట్లు పెరిగాయి, వాటి ఆకుతో బుట్టలూ చీపుర్లూ అయ్యాయి. తర్వాత ఆ గుట్టల మీదికి గాలిమరలొచ్చాయి. మర నిలబడే చోటు చిన్నదే. దాని రెక్కలు మోసే పొడవాటి ట్రైలర్ ఎక్కడానికి గుట్టను తొలిచి వేసిన దారి పెద్దది. తవ్విపోసిన మట్టి వానకు జారి కింది కుంటల్లో పూడిక పడింది. ఫైల్లో మర పునాదికి లెక్క ఉంది. దారికీ కుంటకూ లెక్క లేదు.

బట్టమేక పిట్ట కోసం 1988లో మా సీమలోనే రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్ట బతికేది గడ్డి మైదానంలో. గడ్డి మైదానమంటే మన రికార్డులకు పనికిరాని నేలే. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనబడటమే అరుదు.

2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కింద సోలార్ పార్కుకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అందువల్ల ఆ నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. చట్టం అడగని ప్రశ్నలను మేము అడుగుతున్నాం. మా సూత్రాలివి.

1. ముందు కట్టిన చోట్లు. ఇళ్ల కప్పులు, గోదాములు, మార్కెట్ యార్డులు, కాలువలు, రాయి తీసి వదిలేసిన గనులు చూడాలి. రామగుండంలో రిజర్వాయరు నీళ్ల మీదే 100 మెగావాట్లు తేలుతున్నాయి. అలాంటివి చూశాకే నేల జోలికి రావాలి.

2. కాగితం చూసి తేల్చొద్దు, నడిచి చూడాలి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, ఊరి కాపరిని వెంటబెట్టుకుని చూడాలి. మంద నడిచే తోవ, వంక, కుంట, శ్మశానం మ్యాపులోకి ఎక్కాలి.

3. పట్టా లేకున్నా సాగు సాగే. డి.పట్టా రైతు, కౌలుదారు, కూలి, కాపరి నష్టపోయేవాళ్ల జాబితాలో ఉండాలి. పొరుగునున్న పావగడలో సోలార్ పార్కు కోసం సుమారు 13 వేల ఎకరాలను కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఏటా ఎకరాకు 21 వేల రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి పెంచుతున్నారు. భూమి రైతుదిగానే మిగిలింది కాబట్టి అది మంచి దారి. కానీ భూమి లేని కూలీకి ఆ కౌలులో వాటా లేదు, చేలో పనీ పోయింది. ఆ తప్పు ఇక్కడ జరగకూడదు.

4. గ్రామసభ ముందు, టెండరు తర్వాత. పత్రాలన్నీ తెలుగులో ఉండాలి. మ్యాపు రెండు నెలల ముందే పంచాయతీ గోడ మీద ఉండాలి. వద్దనే హక్కు సభకు ఉండాలి.

5. లెక్క మొత్తం చెప్పాలి. దారులు, టవర్లు, సబ్‌స్టేషన్, ప్యానెళ్లు కడిగే నీళ్లు అన్నీ కలిపి, పక్కపక్కన వచ్చే ప్రాజెక్టులన్నిటికీ ఒకేసారి చూడాలి. తాగడానికి ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో బోరు నీటితో ప్యానెళ్లు కడగొద్దు. నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలున్నాయి, అవి వాడాలి.

6. కొన్ని చోట్లు వద్దే వద్దు. గడ్డి మైదానాలు, చెరువులకు నీళ్లు తెచ్చే వాగులూ వంకలూ, ఊరుమ్మడి మేత బీళ్లు లాభనష్టాల బేరానికి అతీతం.

7. పాతికేళ్ల తర్వాతి బాధ్యత ఇవాళే రాసివ్వాలి. కాలం చెల్లిన ప్యానెళ్లనూ కాంక్రీటునూ తీసి నేలను అప్పగించడానికయ్యే డబ్బు మొదటే డిపాజిట్ చేయాలి.

మేమూ మాటిస్తున్నాం. అడ్డం పడటమే పనిగా పెట్టుకోం. మా ఊరి మ్యాపు మేమే గీసి, ఏ చోటు వద్దో చెప్పినట్టే ఏ చోట పెట్టొచ్చో కూడా చూపిస్తాం. సరైన చోటుకు వచ్చిన ప్రాజెక్టుకు గ్రామసభలో చేయెత్తి మద్దతిస్తాం.

కలెక్టర్లకూ, ఇంజనీర్లకూ, కంపెనీల వాళ్లకూ మా విన్నపం ఇది. సర్వే రాయి పాతకముందు ఒక్కరోజు మా మంద వెనక నడవండి. పొద్దున కొట్టం నుంచి బయలుదేరి సాయంత్రం మంద కుంట దగ్గర నీళ్లు తాగేదాకా రండి. ఆ నేల ఎవరెవరికి అన్నం పెడుతోందో చూసిన తర్వాత రాయి ఎక్కడ పాతాలో కలిసి తేలుద్దాం.