చెప్పు కరిస్తే చిన్న విషయమేనా?

కొత్త చెప్పు కరవని వారు మనలో ఉండరు. “నాలుగు రోజులు తొడిగితే అదే సర్దుకుంటుంది” అని ఇంట్లో పెద్దలు చెబుతారు. మనమూ కుంటుతూ అలాగే తొడుగుతాము. చాలామందికి నిజంగానే సర్దుకుంటుంది. సర్దుకోని వారిని కూడా చూశాను గనుక ఈ వ్యాసము వ్రాస్తున్నాను.

చాలా సంవత్సరాల క్రితము ఒక ఉపాధ్యాయుడు మధుమేహ చికిత్సకు నా వద్దకు వచ్చేవారు. మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించుకొని, ఆ కాగితము పట్టుకొని క్రమము తప్పక వచ్చే మనిషి. కుమార్తె వివాహానికి కొత్త బూట్లు కొనుక్కొని, పెళ్ళి పనులలో రెండు రోజులు వాటితోనే తిరిగారు. బొటనవ్రేలి ప్రక్కన బొబ్బ లేచింది, చితికింది. ఆయనకు నొప్పి తెలియలేదు. పది రోజుల తరువాత మేజోడుకు అంటిన చీమును భార్య చూసి ఆయనను వెంటబెట్టుకొని వచ్చారు. అప్పటికే చీము ఎముక వరకు చేరింది. ఆ వ్రేలిని తొలగించవలసి వచ్చింది.

ఆయన అన్నిసార్లు నా ఎదుట కూర్చున్నారు. నేను చక్కెర అంకెలు చూశాను గాని, చెప్పులు విప్పమని ఒక్కసారీ అడగలేదు. ఆ తప్పు నాది. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది కూడా అదే: బొబ్బ చిన్నదా, పెద్దదా అన్నది దాని పరిమాణమును బట్టి తేలదు, అది ఎవరి పాదము మీద లేచిందన్న దానిని బట్టి తేలుతుంది.

బొబ్బ ఎలా పుడుతుంది?

నడిచేటప్పుడు పాదములోని ఎముకలు ముందుకు, వెనుకకు కదులుతాయి. చెమటతో తడిసిన చర్మము మేజోడుకు అంటుకొని, ఎముకలతో సమానముగా కదలలేక వెనుకబడుతుంది. ఈ లాగుడు వందలు, వేలసార్లు జరిగితే బాహ్యచర్మము లోపలి పొరలు విడిపోతాయి. ఆ ఖాళీలో ద్రవము ఊరుతుంది. అదే నీటిబొబ్బ. అది లేచే ముందు ఆ చోటు ఎర్రబడి, వెచ్చబడి, మండుతుంది. శరీరము చేసే హెచ్చరిక అది. అప్పుడే ఆగి, చెప్పు విప్పి, ఆ చోట పట్టీ అంటించుకొంటే చాలావరకు బొబ్బ లేవదు. “ఇంకొంచెము దూరమే కదా” అనుకొని నడిచేస్తాము.

చర్మము చర్మముతోనో, గుడ్డతోనో రాసుకొంటే ఒరుసుకుపోతుంది. తొడల లోపలి ప్రక్కలు, గజ్జలు, చంకలు, స్తనముల క్రింది మడతలు, లంగా బొందు బిగిసే నడుము దీనికి నెలవులు. దూరము పరుగెత్తే పురుషులకు చనుమొనలు చొక్కాకు రాసుకొని రక్తము కూడా వస్తుంది. చెమట ఎండి మిగిలిన ఉప్పు ఈ రాపిడిని పెంచుతుంది. ఈ చోట్ల గురించి చెప్పుకొనడానికి, ముఖ్యముగా స్త్రీలు, సిగ్గుపడతారు. నెలల తరబడి బాధ దాచుకొని, చివరకు మందుల దుకాణములో ఏదో లేపనము అడిగి తెచ్చుకొంటారు. వాటిలో చాలా లేపనాలలో స్టీరాయిడ్ కలిసి ఉంటుంది. అది తామరను అణచినట్లు కనిపించి విస్తరింపజేస్తుంది. గుండ్రని అంచుతో దురద పెడుతూ ప్రాకేది ఒరుపు కాదు, తామర కావచ్చు. వైద్యునికి చూపించండి. వైద్యుని ముందు సిగ్గు అవసరము లేదు.

రెండు ఉదాహరణలు

1924లో అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కుమారుడు, పదహారేళ్ళ బాలుడు, శ్వేతసౌధములో మేజోళ్ళు లేకుండా టెన్నిస్ ఆడాడు. కాలివ్రేలి మీద బొబ్బ లేచింది. స్టాఫిలోకాకస్ సూక్ష్మజీవి దాని గుండా రక్తములో ప్రవేశించింది. ఆట ఆడిన వారము రోజులకే ఆ బాలుడు మరణించాడు. పెనిసిలిన్ కనుగొన్నది 1928లో. నేడు మనకు ఔషధాలు ఉన్నాయి. అయితే సమయానికి వెళ్ళిన వారికే అవి పనిచేస్తాయి.

రెండవది మన పొరుగునే జరిగింది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వ్రేళ్ళు వ్యాధి వలన వాటంతటవే రాలిపోవనీ, స్పర్శ లేక గాయాలు తెలియకపోవడము వలన పాడవుతాయనీ చూపించారు. దీర్ఘకాల మధుమేహములో నరాలు దెబ్బతిన్నవారి పాదాలకూ ఇదే సూత్రము వర్తిస్తుంది. మనకు కుంటునడక నేర్పే నొప్పి మనలను కాపాడుతోంది. ఆ నొప్పి లేనివారు కళ్ళతో కాపలా కాయాలి.

నివారణ

పాదరక్షలు సాయంత్రము కొనండి. నడిచి, నిలబడి, పాదాలు కొంత ఉబ్బి ఉండే సమయమది. పొడవైన వ్రేలి ముందు అర అంగుళము చోటు ఉండాలి. కొత్తవి మొదటి రోజున గంటసేపు మాత్రమే తొడగండి. పెళ్ళికో, ప్రయాణానికో, పరుగు పోటీకో కొత్త బూట్లు మొదటిసారి తొడగవద్దు. దూరము నడిచేవారికి నూలు మేజోళ్ళ కంటే చెమటను బయటకు పంపే కృత్రిమ దారపు మేజోళ్ళు మేలు. నూలు తడిని పట్టి ఉంచుతుంది. బొబ్బలు లేచే చోట ముందుగానే కాగితపు పట్టీ అంటించుకోవచ్చు. చౌకగా దొరికే ఈ పట్టీ దూరపు పరుగులలో బొబ్బలను తగ్గించినట్లు 2016లో వెలువడిన స్టాన్‌ఫోర్డ్ వైద్యుల పరిశీలన తెలిపింది. తొడలకు పెట్రోలియమ్ జెల్లీ వ్రాసుకొంటే ఒరుపు తగ్గుతుంది. స్నానము తరువాత మడతలను తుడిచి, ఆరనిచ్చి బట్టలు కట్టుకోండి.

తిరుమల మెట్లు ఎక్కేవారికి, దీక్షలలో వట్టి కాళ్ళతో నడిచేవారికి ఒక మాట. భక్తిని నేను ప్రశ్నించను. కాని పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు వట్టి కాళ్ళతో దూరము నడవకూడదని నా దృఢమైన అభిప్రాయము. ఎండకు కాగిన రాయి వారి పాదాన్ని కాల్చినా వారికి తెలియదు.

బొబ్బ లేస్తే

చిన్న బొబ్బను చిదపవద్దు. దాని పై పొరను మించిన కట్టు లేదు. దాని క్రింద సుమారు ఐదు రోజులలో కొత్త చర్మము ఏర్పడుతుంది. అడుగు వేయనీయనంత పెద్దదై ఉబ్బితే, ఆరోగ్యవంతులు చేతులు, ఆ చోటు సబ్బుతో కడిగి, శుద్ధిచేసిన సూదితో అంచున పొడిచి ద్రవమును తీయవచ్చు. పై పొరను మాత్రము ఒలిచివేయకూడదు. పెట్రోలియమ్ జెల్లీ వ్రాసి, శుభ్రమైన గుడ్డతో కట్టి, రోజూ మార్చాలి. సూదితో దారము గుచ్చి వదలడము, కాఫీపొడి, టూత్‌పేస్టు, సున్నము పూయడము మానండి. మధుమేహము గాని, కాళ్ళకు రక్తప్రసరణ లోపము గాని ఉన్నవారు బొబ్బను తామే చిదపకూడదు.

చుట్టూ ఎర్రదనము వ్యాపించినా, చీము పట్టినా, కాలి మీదుగా ఎర్రని చార పైకి ప్రాకినా, గజ్జలలో బిళ్ళ కట్టినా, జ్వరము వచ్చినా ఆ రోజే వైద్యుని వద్దకు వెళ్ళండి. మరునాటికి వాయిదా వేయవద్దు.

చివరిగా

మధుమేహము ఉన్నవారు ప్రతి రాత్రి పాదాలను చూసుకోవాలి. వంగలేకపోతే నేల మీద అద్దము పెట్టుకోండి, లేదా ఇంట్లో వారిని చూడమనండి. చెప్పులు తొడిగే ముందు లోపల చేయి పెట్టి, రాయి, మేకు, మడత ఏదైనా ఉన్నదేమో తడమండి.

ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు, వారు అడగకపోయినా చెప్పులు విప్పి పాదాలు చూపించండి. వైద్యమిత్రులకు కూడా నా మనవి ఇదే: రక్తపరీక్ష కాగితము చదివిన తరువాత ఒక్క నిమిషము వంగి పాదాలు చూడండి. ఆ నిమిషము నేను వెచ్చించి ఉంటే, ఆ ఉపాధ్యాయుని పాదాలలో స్పర్శ తగ్గిందని పెళ్ళికి ముందే తెలిసి ఉండేది.