రాజనిపించుకొన్న రాకుమార్తెలు

కడప జిల్లాలోని వల్లూరు నేడొక సామాన్యమైన ఊరు. ఏడు శతాబ్దములకు పూర్వము అది కాయస్థ నాయకుల రాజధాని. ఓరుగల్లు సింహాసనముపై నున్న రుద్రమదేవిని ధిక్కరించి అంబదేవుడు కత్తి దూసినది ఈ సీమ నుండియే. ఆతని విజయములను చాటు 1290 నాటి శాసనము త్రిపురాంతకమున కలదు. ఆ క్షేత్రము 1970 వరకు కర్నూలు జిల్లాలోనిదే. కావున రుద్రమదేవి కథ ఓరుగంటివారి సొత్తు మాత్రమే కాదు. దాని కడపటి ఘట్టము మన సీమ రాళ్లపైనను చెక్కబడియున్నది.

గణపతిదేవునకు పుత్రులు లేరు. ఒక కుమార్తెయగు గణపాంబను ధరణికోట ప్రభువు కోట బేతరాజున కిచ్చెను. భర్త గతించిన పిదప ఆమె ఆ సీమను తానే పాలించెను. రుద్రమకు తండ్రి రాజ్యమునే అప్పగించెను. అయితే శాసనములలో ఆమె తరచు 'రుద్రదేవ మహారాజు'. మోటుపల్లి రేవును వర్ణించిన మార్కోపోలో ఆ దేశపు రాణి వివేకమును మెచ్చుకొనెను గాని, ఆమెను గతించిన రాజునకు భార్యగా వ్రాసెను. కుమార్తెకు రాజ్యము సంక్రమించునని ఆతనికి తోచలేదు కాబోలు!

ఈ వింత మన దేశమునకే పరిమితము కాదు. 1384లో పోలండు దేశపు క్రాకో నగరమున యద్విగ అను పదేండ్ల బాలికకు పట్టాభిషేకము జరిగినది. ఆమెను 'రాణి' యనలేదు, 'రాజు' అనిరి. రాణి యనగా రాజు భార్య యని తలచు కాలమది. రాజని పిలిచినవారే రెండేండ్లు తిరుగకమున్నే, పూర్వపు నిశ్చితార్థమును త్రోసిపుచ్చి, రాజ్యక్షేమము పేరిట లిథువేనియా ప్రభువునకు ఆమెను పెండ్లి చేసిరి. బిరుదము రాజుది, బ్రతుకు మాత్రము రాకుమార్తెదే.

అయినను వీరు విడిచిపోయినది యుద్ధకథలు మాత్రమే కాదు. 1261 నాటి మల్కాపురం శాసనము గణపతిదేవ రుద్రమదేవుల దానమును చెప్పుచు, అందులో భాగములను ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు ఏర్పరచినది. యద్విగ 1399లో ప్రసవానంతరము మరణించుచు తన నగలను క్రాకో విశ్వవిద్యాలయమునకు వ్రాసియిచ్చెను. మరుసటి యేటనే అది పునరుద్ధరింపబడినది. ఖడ్గము పట్టిన రుద్రమను బాలురందరు ఎరుగుదురు. ప్రసూతిశాలకు భూమి యిచ్చిన రుద్రమను ఎందరెరుగుదురు?

'మా అమ్మాయి మగపిల్లవానితో సమానము' అని మనము నేటికిని మురిసిపోవుచుందుము. మాటలో ప్రేమ కలదు. కొలత మాత్రము పాతదే. వానలు వెనుకపట్టిన యేట ఇంటి ఖర్చు తగ్గింపవలసివచ్చినచో, మన పల్లెలలో మొదట చదువు మానునది ఎవరో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

పాఠములో రుద్రమదేవి వచ్చిన నాడు ఉపాధ్యాయులొక పని చేయవచ్చును. ఊరి గుడిలోనో చెరువుగట్టుననో ఉన్న శాసనము కడకు తరగతిని కొనిపోయి, అందులో స్త్రీల పేర్లెన్ని యున్నవో, వారేమి దానము చేసిరో వెదకింపవలెను. సున్నము పూతల క్రింద మరుగుపడిన అక్షరములు కొన్నియైనను వెలికివచ్చును. నల్లగొండ జిల్లా చందుపట్లలోని 1289 నాటి రాయి దొరకకున్నచో రుద్రమ మరణించిన కాలమే మనకు తెలియకుండెడిది. తరగతిలోని బాలిక అట్టి పేరొకటి తానే చదివిన నాడు, గౌరవము పొందుటకు రాజనిపించుకొన నక్కరలేదని ఆమెకు తెలియును.