పాత లేతుకు కొత్త కళ్ళు

మీ ఊళ్ళోనో పక్క పట్నంలోనో ఏదో ఒక వర్క్‌షాపులో లేతు మిషను చూసే ఉంటారు. చక్‌లో బిగించిన ఇనుప కడ్డీ గిరగిర తిరుగుతుంటే, పనిముట్టు తాకిన చోట ఇనుప తురుము చుట్టలు చుట్టుకుంటూ రాలుతుంది. మామూలు లేతులో పనిముట్టును టర్నర్ చేత్తో నడుపుతాడు. కంప్యూటరు లేతులో ఆ పని మోటార్లు చేస్తాయి. ఎంత దూరం, ఎంత వేగంగా జరగాలో ముందుగా రాసిపెట్టిన అంకెలే చెబుతాయి. అంకెల ఆజ్ఞలతో నడిచే ఇటువంటి యంత్రాన్ని 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శించారు. అది లేతు కాదు, మిల్లింగ్ మిషను. దానికి ఆజ్ఞలు రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు మీద ఉండేవి.

ఇటువంటి యంత్రానికి ఒక వయస్సు కాదు, రెండు వయస్సులు ఉంటాయి. దాని బెడ్ పోత ఇనుముది. నూనె వేస్తూ జాగ్రత్తగా వాడుకుంటే దశాబ్దాలు నిలుస్తుంది. ఎలక్ట్రానిక్ కార్డుల సంగతి వేరు. కెపాసిటర్లు ఎండిపోతాయి. జ్ఞాపకాన్ని నిలబెట్టే బ్యాటరీ చచ్చిపోతే అందులోని వివరాలన్నీ చెరిగిపోతాయి. పాడైన కార్డు కొనుక్కుందామంటే, తయారుచేసినవారే దాన్ని మానేసి ఉంటారు. ఒళ్ళు గట్టిగానే ఉన్నా కళ్ళూ మెదడూ పోయి లేతు మూలన పడుతుంది. దాని మీద బతికే చిన్న వర్క్‌షాపు యజమాని ఏం చెయ్యాలి? తుక్కు కింద తూకానికి అమ్మేసి, అప్పు చేసి కొత్తది కొనాలా? ఇనుము బాగుంటే అమ్మకూడదనీ, కొత్త కళ్ళు పెట్టించాలనీ నా అభిప్రాయం. ఎందుకో మీకు తెలిసిన పాఠంతోనే చెబుతాను.

ఆ కళ్ళ పేరు ఎన్‌కోడర్. దాని లోపల సన్నని గీతలున్న గాజు బిళ్ళ ఒకటి తిరుగుతుంది. ఒక పక్క దీపం, రెండో పక్క వెలుగును పసిగట్టే రెండు సాధనాలు ఉంటాయి. రెండెందుకు? మీ బడి గేటు దగ్గర ఇద్దరు పిల్లలను, ఒకరిని కాస్త బయటికీ ఒకరిని కాస్త లోపలికీ నిలబెట్టండి. వచ్చిన మనిషిని బయటివాడు ముందు చూస్తే ఆ మనిషి లోపలికి వస్తున్నట్టు, లోపలివాడు ముందు చూస్తే బయటికి పోతున్నట్టు. ఎన్‌కోడర్ కూడా అలాగే ఎంత తిరిగిందో, ఎటు తిరిగిందో రెండూ చెబుతుంది.

ఇప్పుడు మీ స్క్రూగేజిని గుర్తు తెచ్చుకోండి. పిచ్ 1 మిల్లీమీటరు, తల స్కేలు మీద 100 విభాగాలు, కనుక కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. లేతులో పనిముట్టును జరిపేది కూడా ఒక మరే. దాని పిచ్ 5 మిల్లీమీటర్లనుకోండి. బిళ్ళ మీద 1000 గీతలుంటే, రెండు సాధనాల వెలుగు నీడల మార్పులన్నీ లెక్కిస్తే ఒక చుట్టుకు 4000 లెక్కలు వస్తాయి. 5ను 4000తో భాగించండి: 0.00125 మిల్లీమీటరు. కడ్డీ వ్యాసంలో ఇది రెండింతలై 0.0025 అవుతుంది. పనిముట్టు ఎంత లోపలికి జరిగితే కడ్డీకి రెండు వైపులా అంత తరుగుతుంది కదా!

అయితే ఒక హెచ్చరిక. కనీసపు కొలత చిన్నదైనంత మాత్రాన కొలత నిజమైపోదు. స్క్రూగేజి తలను ఎప్పుడూ ఒకే వైపుకు తిప్పి కొలవమని మేం చెప్పేది, మరలో వదులు ఉంటుందనే. లేతు మరకూ ఆ వదులుంది. మోటారు వెనక బిగించిన ఎన్‌కోడర్‌కు మర తిరిగిన సంగతే తెలుస్తుంది గాని, పనిముట్టు కదిలిందో లేదో తెలియదు. క్యారేజి పక్కనే గాజు స్కేలు బిగిస్తే అసలు కదలికే తెలుస్తుంది. కాని దాన్ని నూనె నుంచీ తురుము నుంచీ కాపాడాలి. మరలోని వదులు కూడా ముందే సరిచెయ్యాలి, లేకపోతే క్యారేజి ఆగవలసిన చోట ఆగక అటూ ఇటూ ఊగిసలాడుతుంది.

మరలు కోసేటప్పుడు ఇంకో కన్ను కావాలి. 2 మిల్లీమీటర్ల పిచ్ గల మర కోయాలంటే కడ్డీ ఒక చుట్టు తిరిగేలోగా పనిముట్టు సరిగ్గా 2 మిల్లీమీటర్లు జరగాలి. ఒక్క కోతలో మర పూర్తికాదు. ప్రతి కోతా అదే చోట మొదలుకాకపోతే మొదటి మరను రెండో కోత చెరిపేస్తుంది. అందుకే కడ్డీని తిప్పే ఇరుసుకు కూడా, చుట్టుకు ఒక్కసారి గుర్తు చూపే ఎన్‌కోడర్‌ను తగిలిస్తారు.

ఈ పని ఆటవస్తువుతో ఆట కాదు. కంప్యూటరు, చేరవలసిన చోటునూ చేరిన చోటునూ పోల్చి, తేడా తగ్గేలా మోటారును తిప్పుతుంది. ఎన్‌కోడర్ తీగలు తారుమారైతే తగ్గవలసిన తేడా పెరుగుతుంది. పెరిగినకొద్దీ మోటారు ఇంకా పరుగెత్తుతుంది. టన్ను బరువున్న యంత్రం దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డవాడి గతి ఆలోచించండి. తీగ తెగినా ఇదే ప్రమాదం. అందుకే మోటారును మర నుంచి విడదీసి తొలి పరీక్ష చెయ్యాలి. తేడా హద్దు దాటితే ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. ఎర్ర మీట నొక్కగానే, కంప్యూటరు అనుమతి కోసం చూడకుండా, మోటారుకు కరెంటు పోవాలి. ఈ మూడూ లేకుండా పని ముగిసిందనే మరమ్మతును నేను ఒప్పుకోను.

కొత్త మిషను కొనమనేవారి మాటలోనూ నిజముంది. దానికి వేగం ఎక్కువ, విడిభాగాలు దొరుకుతాయి, చుట్టూ రక్షణ తొడుగులుంటాయి. పైగా పాతదాని బెడ్ అరిగిపోయి ఉంటే ఎంత మంచి ఎన్‌కోడర్ పెట్టినా దండగే. సాధారణంగా చక్‌కు దగ్గరి భాగమే ఎక్కువ అరుగుతుంది, ఎక్కువ పని అక్కడే జరుగుతుంది కనుక. కాబట్టి ముందు డయల్ గేజితో ఇనుమును పరీక్షించాలి, ఆ తరువాతే ఎలక్ట్రానిక్స్‌కు డబ్బు పెట్టాలి. పరీక్షలో నెగ్గిన యంత్రాన్ని కూడా పాతదన్న ఒక్క కారణంతో కొలిమికి పంపడం మాత్రం తెలివితక్కువ. ఆ ఇనుమును కరిగించి మళ్ళీ పోతపోసి, చెక్కి, నునుపు చెయ్యడానికి ఎంత బొగ్గు, ఎంత కరెంటు, ఎంత శ్రమ కావాలి! మెదడు కోసం కూడా దిగులుపడనక్కరలేదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో మొదలైన పని నుంచి పెరిగిన లైనక్స్‌సీఎన్‌సీ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. తగిన కార్డు జతచేస్తే మామూలు కంప్యూటరు మీదే నడుస్తుంది.

ఇక లోపమల్లా మనుషులదే. మరను ఎరిగిన మేస్త్రీకి ఎలక్ట్రానిక్స్ తెలియదు, ఎలక్ట్రానిక్స్ చదివినవాడు చేతికి నూనె అంటనివ్వడు. ఈ రెండూ తెలిసినవారు మీలోంచే రావాలి. మార్కుల కోసం అంకెలు వల్లె వెయ్యకుండా, స్క్రూగేజి తలను ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ తిప్పి, తేడా ఎంత వస్తుందో రాసి చూడండి. పాత లేతుకు కళ్ళు పెట్టే విద్యకు అదే ఓనమాలు.