పాత హెరాల్డు కారు: కోయవలెనా, విప్పవలెనా?



ఈ నెల మా పేజీకి వచ్చిన ప్రశ్న కొంచెము వింతైనది. కడప జిల్లాలోని ఒక కుటుంబములో తండ్రి మరణించి రెండేళ్లయినది. ఇంటి వెనుక బండల షెడ్డులో ఆయన విడిచిపోయిన రెండు తలుపుల స్టాండర్డు హెరాల్డు కారు ఉన్నది. చిన్న కుమారుడు దాని పైకప్పు కోయించి, ఇంగ్లండు స్పోర్ట్సు కారువలె చేయించవలెనని పట్టుబట్టినాడు. పెద్దవాడు దానిని అమ్మి, వచ్చిన డబ్బు పంచుకొందామంటాడు. తల్లి "మీ నాయన కారు ఎవరూ ముట్టవద్దు" అని షెడ్డుకు తాళము వేసి, తాళపుచెవి కొంగున కట్టుకొన్నది. ఇప్పుడు అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవు. "అయ్యగారూ, ఇందులో ఎవరిది న్యాయము?" అని ఆ తల్లి అడుగుచున్నది.

ఆస్తి పంచిపెట్టుమని ఒకడు వచ్చి అడిగినప్పుడు ప్రభువే ఆ పని నెత్తికెత్తుకొనలేదు. ఇక మేమెంత? అయితే కారును గురించి నాలుగు మాటలు చెప్పగలము. మెకానిక్కుల షెడ్లలో బెంచీమీద కూర్చొని గడిపిన గంటలు మాకు తక్కువేమీ కాదు. పైగా ఆ చిన్నవాని కోరిక మొదట తోచినంత వెర్రిది కాదు.

1959లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమునుండి ట్రయంఫు హెరాల్డు అను కారు వెలువడినది. దాని రూపము గీసినవాడు ఇటలీ దేశస్థుడైన జొవాన్ని మికెలోత్తి. 1961 నుండి మద్రాసులో స్టాండర్డు మోటార్ ప్రొడక్ట్సు ఆఫ్ ఇండియా వారు దానినే స్టాండర్డు హెరాల్డు అను పేరుతో తయారుచేసినారు. 948 సి.సి. ఇంజను. అంబాసిడరు, ఫియట్టు, హెరాల్డు – ఆ కాలములో కారు కొనదలచిన మధ్యతరగతి వానికి ఉన్నవి ఈ మూడే. 1962లో అదే కోవెంట్రీ కంపెనీ, అదే మికెలోత్తి చేత గీయించి, హెరాల్డు చట్రమునే పొట్టిచేసి, స్పిట్‌ఫైరు అను రెండు సీట్ల స్పోర్ట్సు కారును చేసినది. అనగా ఆ బండల షెడ్డులో దుమ్ముపట్టియున్నది స్పిట్‌ఫైరుకు స్వంత అక్క!

ఇంగ్లండువారి చిన్న స్పోర్ట్సు కార్లు చాలామట్టుకు ఇట్లు కుటుంబపు కార్ల కడుపున పుట్టినవే. 1920లలో ఆక్సుఫర్డులోని మోరిస్ గారేజెస్ అను షాపులో సెసిల్ కింబరు అను మేనేజరు, సాధారణమైన మోరిస్ కార్లకు వేరే బాడీలు కట్టించి అమ్మినాడు. ఎం.జి. అను రెండక్షరములు ఆ షాపు పేరే. (నేడు మన రోడ్లమీద కనబడు ఎం.జి. కార్ల పేరు చైనా కంపెనీ చేతికి పోయినది. కింబరు చూచినచో ఏమనునో!) 1958లో వచ్చిన ఆస్టిన్-హీలీ స్ప్రైటుకు ఇంజను ఆస్టిన్ ఏ-35 కారుది, స్టీరింగు మోరిస్ మైనరుది. కాబట్టి ఉన్న కారును మార్చుకొనుట తప్పని మేము చెప్పము. ఎట్లు మార్చుచున్నారన్నదే ప్రశ్న.

హెరాల్డు వచ్చిన నాటికే తక్కిన కంపెనీలు అనేకము వేరే చట్రము మానివేసి, బాడీయే బరువు మోయునట్లు కార్లు చేయుచుండినవి. హెరాల్డు మాత్రము పాత పద్ధతిలో, చట్రముమీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన కారు. బానెట్టు ఫెండర్లతో సహా ముందుకు తెరచుకొనును. రెండు తలుపుల కారుకు పైకప్పు కూడ బోల్టులమీదనే నిలిచియున్నది. ఇంగ్లండులో దీనిని విప్పి ఓపెన్ కారుగా చేసికొన్నవారు అనేకులు. మన దేశములోనేమో హెరాల్డు దొరకిన వెంటనే గ్యాస్ కట్టరు తెచ్చి కోసిన కార్లు ఎన్నో. స్పానరుతో విప్పినది రేపు మరల బిగించవచ్చును. కట్టరుతో కోసినది తిరిగి రాదు. ఆ రేకు చేయు ఫ్యాక్టరీయే 1980ల చివరలో మూతపడినది. (ఇది రెండు తలుపుల కారు మాట. తరువాత వచ్చిన నాలుగు తలుపుల హెరాల్డుకు, 1972 నాటి గెజెల్‌కు ఈ లెక్క వేయవద్దు.)

విప్పినంత మాత్రాన రోడ్డెక్కవచ్చునా? 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, కంపెనీ చేసిన రూపమునకు విరుద్ధముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా చెప్పినది. ఇక పెద్దవాడు గమనించవలసినది మరొకటి ఉన్నది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 జూలైలో కేంద్రప్రభుత్వము వేరే రూల్సు చేసినది. కొత్తగా రిజిస్టరు చేయుటకు 20,000 రూపాయలు, నంబరులో "వి.ఏ." అను అక్షరములు, పదేండ్ల గడువు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తిప్పవచ్చును గాని రోజువారీ వాడుకకు కాదు. అయితే కారు తన అసలు రూపములో ఉండవలెను. కోసిన మరుక్షణము ఈ తలుపు మూసికొనును. కోసిన హెరాల్డు అటు పాతకారూ కాదు, ఇటు స్పిట్‌ఫైరూ కాదు. అన్నకు డబ్బూ రాదు, తమ్మునికి పేరూ రాదు. ఆ తల్లికైతే ఏమి మిగులునో చెప్పనక్కరలేదు.

మాకు నిజముగా భయము కలిగించునది చట్టము కాదు, ఇరుసు. ఈ కారు వెనుక ఇరుసు రెండు ముక్కలుగా ఉండి, అడ్డముగా వేసిన ఒకే కమాను కట్టమీద ఊగుచుండును. మలుపులోనికి వేగముగా వచ్చి, భయపడి, చటుక్కున యాక్సిలరేటరు వదిలినచో కారు వెనుకభాగము పైకి లేచి, బయటివైపు చక్రము లోపలికి ముడుచుకొనును. అప్పుడు కారు గిర్రున తిరుగును. స్పిట్‌ఫైరులో సయితము ఈ లోపమును 1970లో వచ్చిన నాలుగవ మోడలులో గాని సరిచేయలేదు. ఇట్టి ఇరుసు ఉండగా ఎక్కువ బలముగల మారుతి ఇంజను పెట్టించి, గువ్వలచెరువు ఘాటులోనో, నంద్యాల-గిద్దలూరు నల్లమల మలుపులలోనో లారీల నడుమ ఆ బిడ్డ పందెము వేయుట మేము ఊహింపజాలము. అతని తల్లి ఇప్పటికే ఒక చావు చూచినది.

నాయనా, నీకు కారుమీద చేయి వేయవలెనని ఉన్నచో పని చాలినంత ఉన్నది. మొదట బ్రేకులు. సిలిండర్లలోని రబ్బర్లు ఎండిపోయి యుండును. ఇప్పటి పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు కలుపుచున్నారు గనుక పాత రబ్బరు పైపులన్నియు మార్చవలెను. లేనిచో మెత్తబడి కారును, ఆ కారుట ఇంజను వేడిమీదనే. కర్నూలు మే నెల ఎండలో పెట్రోలు పంపులోనే ఆవిరై కారు నిలిచిపోయినచో మన పాత డ్రైవర్లు పంపుమీద తడిగుడ్డ వేసి పావుగంట కూర్చుండెడివారు. అది నేటికీ మంచి వైద్యమే. రేడియేటరును అడుగంట కడిగించుము.

తల్లీ, తాళపుచెవి చిన్నవానికిచ్చి, ఆర్.సి. పుస్తకము వెదకుట పెద్దవానికి అప్పగించుము. మొదటి రిజిస్ట్రేషను తేదీ అందులోనే ఉండును. అమ్మకము మాట ఆ తేదీ చూచిన తరువాత మాటలాడుకొనవచ్చును.

మరొక్క మాట మెకానిక్కునకు చెప్పించుడి. ముందు చక్రములను మోయు ట్రన్నియను అను ఇత్తడి దిమ్మ ఒకటి కింద ఉండును. మనవారు అలవాటు చొప్పున దానికి గ్రీజు కొట్టుదురు. గ్రీజు లోపలి మరకు చేరక అడ్డుపడును. మర ఎండి, తుప్పుపట్టి, ఒకనాడు విరిగి, చక్రము పక్కకు పడిపోవును. దానికి పోయవలసినది 90 నంబరు గేరు ఆయిలు.