నామకరణం కూడ ఒక విద్యయే

బిడ్డకు పేరు పెట్టేటప్పుడు పెద్దలను సంప్రదిస్తాము. కంప్యూటరులో దాచే ఫైలుకు మాత్రం ‘కొత్తది’, ‘చివరిది’, ‘అసలు చివరిది’ అని తోచినట్లు వ్రాసి ఊరుకుంటాము. ఏడాది గడిచిన పిమ్మట ఆ పేరు పెట్టినవారికే బోధపడదు.

ఈ విషయంలో మేము ఆదర్శంగా చూపదలచినవారు పండితులు కారు. పాత వీడియో ఆటలను భద్రపరచే ఔత్సాహికులు. ఆనాటి ఆట యంత్రాలు మూలబడినా, ఎమ్యులేటర్ అనే ప్రోగ్రాము వాటిని అనుకరించి, పాత చిప్పుల నుండి తీసిన ప్రతులను నేటి కంప్యూటరుపై నడిపిస్తుంది. అయితే ఒకే ఆటకు దేశానికొక రూపం. 1987లో జపానులో ‘రాక్‌మ్యాన్’గా వెలువడినదే అమెరికాలో ‘మెగా మ్యాన్’ అయినది. కనుకనే ‘నో-ఇంట్రో’ పద్ధతిలో ముందు ఆట పేరు, పిదప కుండలీకరణాలలో దేశం, అవసరమైనచోట భాషలు, సవరణ సంఖ్య వ్రాస్తారు. ‘గుడ్‌టూల్స్’ పద్ధతిలో ఆశ్చర్యార్థక చిహ్నముంటే సరిచూచిన ప్రతి. ‘బి’ అక్షరముంటే చెడిన ప్రతి. ఫైలు తెరువకుండానే దాని పుట్టుక, యోగ్యత తెలియుచున్నవి. ఆటలపై హక్కులు వాటి యజమానులవే. మేము కోరునది ఆ ఆటలను కాదు, ఆ క్రమశిక్షణను.

మన అవసరం అంతకంటె పెద్దది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన తెలుగు గ్రంథాలలో అనేకం పేర్లు రోమన్ లిపిలో తప్పులతో నమోదై, వెదకువారికి చిక్కకున్నవి. మన చివ్వెంల 2016 అక్టోబరు 11కు పూర్వం నల్లగొండ జిల్లాలోనిది, ఆ తరువాత సూర్యాపేట జిల్లాలోనిది. సంవత్సరం లేని కాగితం ఏ జిల్లా కట్టలో వెదకాలి? ఒకే విద్యార్థి ఒక పత్రంలో ‘మహమ్మద్’, మరొకదానిలో ‘మొహమ్మద్’, వేరొకదానిలో ‘ఎం.డి.’. అక్షరభేదం వల్ల ఉపకారవేతనపు దరఖాస్తు ఆగితే నష్టపోయేది పేదవాని బిడ్డ.

వెదికిపెట్టే యంత్రాలుండగా ఇన్ని నియమాలెందుకని కొందరనవచ్చు. పుటను ఫోటో తీసి దాచినప్పుడు ఆ ఫైలులో ఉండునది బొమ్మయే గాని అక్షరం కాదు. చేతివ్రాతలోని ఉర్దూ పుట సంగతి చెప్పనే అక్కరలేదు. అట్టిచోట పేరే దారి చూపాలి.

కావున కళాశాల సంఘం వారికి మా మనవి రెండే. మన పత్రిక పాత సంచికలను స్కాన్ చేయునప్పుడు సంవత్సరం, శీర్షిక, భాష, ప్రతి సంఖ్య, సరిచూచినదీ లేనిదీ అను వరుసను నిర్ణయించి అందరూ పాటించునట్లు చేయాలి. విద్యార్థి పేరును అన్ని పత్రాలలోను పదవ తరగతి ధ్రువపత్రంలో ఉన్నట్లే వ్రాయించాలి. ఇందుకు ధనం అక్కరలేదు. ఒక కాగితంపై నియమం, దానిని మీరని అలవాటు చాలును.