దొర మాటను ఎందుకు వదులుకోవాలె?



నిన్న మన గ్రూపుల ఒక అన్న రాసిండు, "దొర అనేది బానిసత్వం మాట, మన పేర్లల్లోంచి తీసెయ్యాలె" అని. అన్నా, కోపం చేసుకోకు, నేను ఒప్పుకోను.

తెలంగాణ ఊర్లల్ల దొర అంటే గడీ, వెట్టి. నిజమే. 1946 నుంచి 1951 దాక రైతులు సాయుధంగా కొట్లాడింది ఆ దొరల మీదనే. ఇంగ్లీషోడు కూడా తెల్లదొరే.

కానీ 1922ల మన్యంలో అల్లూరితో కలిసి ఆ తెల్లదొరల మీదికి పోయినోళ్ల పేర్లేంది? గాం గంటందొర, గాం మల్లుదొర. మల్లుదొర 1952ల లోక్‌సభకు గెలిచిండు. ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జాబితాలో కొండదొర అనే తెగే ఉంది. మా కోయగూడెంలో మా తాతను ఇప్పటికీ "దొరా" అనే పిలుస్తరు. ఆయనకు గడీ లేదు, రెండెకరాల పోడు ఉంది.

కన్నడలో దొరె అంటే రాజు. తమిళంలో దురై అంటే ప్రభువు. అంటే పెద్దరికం మాట ఇది. పెద్దరికం గడీలోనే ఉంటదని ఎవరు చెప్పిన్రు?

తెల్లాపూర్ హాస్టల్ల నన్ను "ఏం కోయదొరా, చెయ్యి చూసి జాతకం చెప్పు" అంటరు. ఏడాది నవ్వి ఊకున్న. ఇప్పుడు ఊకుంటలేను. ఆ మాటకు మా తాత అర్థం చెప్తున్న.

గడీ దొరతనం పోవాలె, మన పేరు పోవద్దు. ఎగతాళి చేసేటోనికి, ఏలినోనికి ఆ మాట వదిలేస్తే మనకేం మిగులుతది? పేరు మార్చుకునే ముందు ఇంటికి పోయి మీ తాతను ఒక్కసారి అడగండి.